కిడ్నీ రోగికి విరేచనం మందు ఇచ్చే ముందు

సంపాదకుల వారికి,
నమస్కారం.

మలబద్ధకం గురించి పత్రికల ఆరోగ్యం పేజీల్లో మళ్లీ మళ్లీ కనిపించే సలహాలు మూడు. నీళ్లు బాగా తాగండి. అరటిపండు తినండి. అప్పటికీ కడుపు కదలకపోతే రాత్రి పడుకునే ముందు రెండు మూతల తెల్ల మందు, అంటే మెగ్నీషియం ఉన్న విరేచనం మందు, తాగండి. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఈ మాటల్లో తప్పు పట్టేదేమీ లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్న మనిషికి మాత్రం ఈ మూడూ ప్రమాదం తెచ్చేవే, అందులో మూడోది మరీను. ఇటు బరంపురం, పర్లాకిమిడి నుంచి అటు ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస దాకా ఉన్న మన ఒడిశా, ఆంధ్ర సరిహద్దు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎంతగా పాతుకుపోయిందో మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా విరేచనం మందు విషయంలో మాత్రం ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. "కడుపు కదలట్లేదు బావూ, ఏదైనా సీసా ఇయ్యి" అంటే సీసా చేతికొస్తుంది. చీటీ ఉండదు, ప్రశ్న ఉండదు. మేం మందుల దుకాణాల్లోనూ డయాలసిస్ విభాగంలోనూ పనిచేసేవాళ్లం. ఈ ఒక్క విషయం మీద వివరంగా రాయాలనిపించింది.

ముందుగా, కిడ్నీ రోగులకే మలబద్ధకం ఎందుకు ఎక్కువో చూడాలి. నీళ్లు తగ్గించమంటాం. పొటాషియం భయంతో పళ్లు, ఆకుకూరలు తగ్గించమంటాం, దాంతో పీచు పోతుంది. రక్తం పట్టడానికి ఇనుము మాత్రలు, ఫాస్ఫరస్ పట్టి ఉంచడానికి కాల్షియం అసిటేట్, కాల్షియం కార్బొనేట్ లేదా సెవెలమర్, పొటాషియం తగ్గించడానికి కె-బైండ్ పొడి ఇస్తాం. ఇవన్నీ మలాన్ని గట్టిపరిచేవే. నొప్పికి ట్రమడాల్ కలిస్తే సరేసరి. షుగర్ ఎన్నో ఏళ్లుగా ఉన్నవారిలో పేగు నరాలే మందగిస్తాయి. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద ఉండేవాళ్లు అవసరం వచ్చినా ఆపుకుంటారు. ఇదంతా రోగి తప్పు కాదు. చాలామటుకు మనం రాసే మందుల వల్ల, మనం పెట్టే పథ్యం వల్ల వచ్చేదే. కాబట్టి దానికి మందు అడిగినప్పుడు సరైనది ఇవ్వాల్సిన బాధ్యతా మనదే.

"విరేచనమే కదా, రెండు రోజులు ఆగితే ఏమైంది" అనేవాళ్లూ ఉన్నారు. కిడ్నీలు బాగున్న మనిషి తిన్న పొటాషియంలో పదో వంతు లోపే మలంలో పోతుంది. కిడ్నీలు పూర్తిగా పాడైనవారిలో పెద్దపేగు ఆ పనిని కొంత మీద వేసుకుంటుంది. మూడో వంతు దాకా అటే బయటికి పంపగలదు. అలాంటి మనిషికి మూడు నాలుగు రోజులు విరేచనం కాకపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, దాని దెబ్బ గుండె మీద పడుతుంది. పొట్టలో గొట్టం పెట్టించుకుని ఇంట్లోనే డయాలసిస్ చేసుకునేవారికి ఇంకో చిక్కు ఉంది. మలంతో నిండి ఉబ్బిన పేగు గొట్టాన్ని పక్కకు నెడుతుంది, నీళ్లు లోపలికి పోతాయి గానీ సరిగ్గా బయటికి రావు. నీళ్లు మెల్లగా వస్తున్నాయంటే గొట్టం పాడైందని కంగారు పడేముందు "మోషన్ అయి ఎన్ని రోజులైంది?" అని అడగడం మా పనిలో అలవాటు. చాలాసార్లు విరేచనం అవగానే గొట్టం మళ్లీ పనిచేస్తుంది. అందుచేత కిడ్నీ రోగికి విరేచనం మందు వద్దని మేం అనడం లేదు. కావాలి. ఏది అన్నదే ప్రశ్న.

ఇక అసలు విషయానికి వస్తాం. దుకాణంలో అడిగితే మొదట చేతికొచ్చేది మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, లేదా అది కలిసిన మందు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అంటే మెగ్నీషియం హైడ్రాక్సైడ్. మన దగ్గర బాగా అమ్ముడుపోయే మామూలు క్రెమాఫిన్‌లో ప్రతి 15 మి.లీ.కి 11.25 మి.లీ. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, 3.75 మి.లీ. లిక్విడ్ పారఫిన్ ఉంటాయి. 'ప్లస్' రకంలో వీటికి సోడియం పికోసల్ఫేట్ తోడవుతుంది. ఇలాంటి కలయికలు వేరే కంపెనీల పేర్లతోనూ ఉన్నాయి, ఒకే పేరుతో రెండు మూడు రకాలూ ఉన్నాయి. అందుకే పేరు గుర్తుపెట్టుకోవడం కన్నా సీసా వెనక ముద్రించిన దినుసులు చదవడం మేలు.

లెక్క చూడండి. ఉత్త మిల్క్ ఆఫ్ మెగ్నీషియా 5 మి.లీ.లో సుమారు 400 మి.గ్రా. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. రెండు టేబుల్ స్పూన్లు, అంటే 30 మి.లీ. తాగితే ఒంట్లోకి దిగేది దాదాపు 1,000 మి.గ్రా. మెగ్నీషియం. రోజంతా తిండి ద్వారా పెద్దవాళ్లకు అందాల్సింది సుమారు 400 మి.గ్రా. మాత్రమే. మందుగా తాగినదాంట్లో ఎక్కువ భాగం పేగులోనే ఉండి నీళ్లను లాగుతుంది, మలాన్ని మెత్తబరుస్తుంది. మిగతా కొంత రక్తంలో కలుస్తుంది. కిడ్నీలు బాగుంటే ఆ కొంత మూత్రంలో వెళ్లిపోతుంది. బాగాలేకపోతే పోవడానికి వేరే దారి లేదు. రోజూ కొంచెం కొంచెం పేరుకుంటుంది.

దీనిలో మోసం ఇంకొకటుంది. మందు తాగినా విరేచనం కాలేదనుకోండి. ఆ మెగ్నీషియం పేగులోనే నిలిచిపోయి, ఇంకా ఎక్కువగా రక్తంలోకి ఎక్కుతుంది. ఇంట్లోవాళ్లు "పని చేయలేదు" అని రెండో మోతాదు ఇస్తారు, తెల్లారి మూడోది ఇస్తారు. మందు పనిచేయని మనిషికే విషం ఎక్కువ ఎక్కుతుందన్నమాట. మంచం పట్టిన ముసలివాళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే.

రక్తంలో మెగ్నీషియం మామూలుగా డెసీలీటరుకు 1.7 నుంచి 2.4 మి.గ్రా. మధ్య ఉంటుంది. నాలుగైదు దాటేసరికి వికారం, ముఖం వేడెక్కడం, ఒళ్లు బరువు మొదలవుతాయి. ఏడు దాటితే మగత, బీపీ పడిపోవడం, నాడి నెమ్మదించడం, మోకాలి మీద తట్టినా కాలు కదలకపోవడం. పన్నెండు దాటితే ఊపిరి కండరాలు పనిచేయవు, గుండె ఆగిపోవచ్చు. మొదటి లక్షణాలు చూసి ఇంట్లోవాళ్లు అనే మాట ఒక్కటే: "డయాలసిస్ నీరసం, పడుకోనీ." అలా పడుకోనివ్వడం వల్ల విలువైన గంటలు పోతాయి. పైగా మామూలుగా చేయించే కిడ్నీ పరీక్షల్లో యూరియా, క్రియాటినిన్, సోడియం, పొటాషియం ఉంటాయి గానీ మెగ్నీషియం సాధారణంగా ఉండదు. దాన్ని విడిగా అడిగి రాయించుకోవాలి. కిడ్నీ రోగి అకారణంగా మగతగా, నాడి నెమ్మదిగా ఉంటే, ఆస్పత్రిలో ఈ వారం విరేచనం మందు, గ్యాస్ మందు ఏమేం తాగారో మీరే ముందుగా చెప్పండి, సీసా వెంట తీసుకెళ్లండి. అక్కడ చేసేది మందు ఆపడం, సిరలో కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించడం, అవసరమైతే వెంటనే డయాలసిస్ పెట్టడం. తెలిస్తే నయమయ్యే సమస్యే ఇది.

మెగ్నీషియం ఆక్సైడ్‌ను విరేచనం మందుగా విరివిగా వాడే జపాన్‌లో ప్రభుత్వం దీని మీద 2008లో ఒకసారి, 2015లో మరోసారి హెచ్చరించింది. రెండో హెచ్చరికలో కిడ్నీలు మామూలుగా ఉన్న పెద్దవయసు వారి గురించి కూడా చెప్పారు. మనకు ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

ఎందుకు ఎక్కువంటే, ఉద్దానం రకం కిడ్నీ జబ్బు చప్పుడు చేయకుండా వస్తుంది. మొదట్లో కాళ్ల వాపు ఉండదు, మూత్రంలో నురగ కనిపించదు, ప్రొటీన్ పెద్దగా పోదు, చాలామందికి షుగర్ కూడా ఉండదు. కారణం ఏమిటన్నది ఇప్పటికీ తేలలేదు. "నాకు కిడ్నీ జబ్బు లేదు" అని ఒక కొబ్బరితోట కూలీ చెప్పాడంటే, పరీక్ష చేయించుకోలేదని మాత్రమే దాని అర్థం కావచ్చు. క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) అంకె ఒక్కదాన్నే చూసి ధైర్యపడటమూ సరికాదు. 65 ఏళ్ల ఆడమనిషికి క్రియాటినిన్ 1.4 వస్తే "కొంచెమేలే" అనుకుంటారు. వయసు, ఆడ మగ లెక్కలోకి తీసుకుని కడితే, కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో అంచనాగా చెప్పే ఆమె ఈజీఎఫ్‌ఆర్ సుమారు 42. అంటే కిడ్నీల పని సగానికన్నా తక్కువకు పడిపోయింది. మన ప్రాంతంలో నలభై దాటినవాళ్లెవరైనా రోజువారీ విరేచనం మందు మొదలుపెట్టే ముందు ఒక్కసారి క్రియాటినిన్ చేయించుకుని, ఈజీఎఫ్‌ఆర్ ఎంతో రాయించుకోవాలని మా గట్టి అభిప్రాయం. అది 30 కన్నా తక్కువైతే మెగ్నీషియం విరేచనం మందు ముట్టకూడదు. 30కి 60కి మధ్య ఉంటే డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు.

మెగ్నీషియం ఒక్క విరేచనం మందులోనే ఉండదు. జెలూసిల్, డైజీన్ వంటి గ్యాస్ మందుల్లో మెగ్నీషియంతో పాటు అల్యూమినియం కూడా ఉంటుంది. డయాలసిస్ రోగుల్లో అల్యూమినియం ఎముకల్లో, మెదడులో పేరుకుంటుంది. పగలు గ్యాస్ మందు, రాత్రి విరేచనం మందు తాగే మనిషి రెండు దారుల్లో మెగ్నీషియం ఎక్కించుకుంటున్నాడు. భేది ఉప్పు అని అమ్మే ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం సల్ఫేటే. నీళ్లలో వేస్తే పొంగే పొడుల్లో మెగ్నీషియం లేకపోవచ్చు గానీ సోడియం దండిగా ఉంటుంది, బీపీ, వాపు, ఆయాసం ఉన్నవారికి అవీ పనికిరావు.

రెండో శత్రువు ఫాస్ఫేట్. ఆస్పత్రుల్లో, నర్సింగ్ హోముల్లో ఎనీమా (మలద్వారం గుండా ఎక్కించే మందు) అనగానే తీసేది 100 మి.లీ. మెత్తటి ప్లాస్టిక్ సీసా, పొడవాటి మెడ ఉంటుంది. చాలా కంపెనీల సీసాల్లో ఉండేది సోడియం ఫాస్ఫేట్. కిడ్నీ రోగికి ఇది ఎక్కించి, అది తిరిగి బయటికి రాకపోతే, ఫాస్ఫేట్ రక్తంలోకి దూసుకెళ్తుంది. ఫాస్ఫేట్ పెరిగితే కాల్షియం పడిపోతుంది. చేతివేళ్లు కొంకర్లు పోవడం, పెదాల చుట్టూ తిమ్మిరి, గుండె లయ తప్పడం దాని గుర్తులు. కొలొనోస్కోపీకి (పెద్దపేగును లోపలి నుంచి కెమెరా గొట్టంతో చూసే పరీక్షకు) ముందు పేగు కడగడానికి తాగించే ఫాస్ఫేట్ ద్రావణం ఇంకా ప్రమాదం: కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు కిడ్నీ నాళికల్లో ఇరుక్కుని, ఉన్న కిడ్నీని కూడా పోగొట్టగలవు. ఒంట్లో నీళ్లు తగ్గినవారిలో, పెద్దవయసువారిలో, బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనాలాప్రిల్ వంటివి, మూత్రం మందులు, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాడేవారిలో ఈ ముప్పు ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008 డిసెంబరులో పేగు కడిగే ఫాస్ఫేట్ మాత్రల మీద తీవ్ర హెచ్చరిక ముద్రించమంది, 2014 జనవరిలో చీటీ లేకుండా కొనే ఫాస్ఫేట్ విరేచనం మందులు 24 గంటల్లో ఒక మోతాదు మించి వాడొద్దని చెప్పింది. కొలొనోస్కోపీ తప్పనిసరైతే పాలీఇథిలీన్ గ్లైకాల్, అంటే పెగ్ ద్రావణంతో కడగమని, ఫాస్ఫేట్ గానీ మెగ్నీషియం ఆక్సైడ్ కలిసిన పికోసల్ఫేట్ పొడి గానీ వద్దని ముందే చెప్పాలి. ఎనీమా పెట్టబోయే సిస్టరమ్మను "అందులో ఫాస్ఫేట్ ఉందా అమ్మా?" అని అడగడం అమర్యాద ఏమీ కాదు.

మరి ఏం వాడాలి? కిడ్నీ రోగికి మేం ముందు వరసలో పెట్టేది లాక్టులోజ్ పాకం. డ్యుఫలాక్, లూజ్ వంటి పేర్లతో దొరుకుతుంది, జనరిక్‌గానూ దొరుకుతుంది. 15 మి.లీ.లో 10 గ్రాములు ఉంటుంది. ఒంటికి పట్టేది చాలా తక్కువ, పెద్దపేగులోనే సూక్ష్మజీవులు దాన్ని విడగొడితే నీళ్లు చేరి మలం మెత్తబడుతుంది. రాత్రి 15 మి.లీ.తో మొదలుపెట్టాలి. సీసాతో వచ్చే కొలత కప్పుతోనే కొలవాలి, ఇంటి గరిటెతో కాదు. ఇది తెల్లారేసరికి పనిచేసే మందు కాదు, ఒకటి నుంచి రెండు రోజులు పడుతుంది. ఈ సంగతి చెప్పకుండా ఇస్తే మర్నాడే "దీనికి దమ్ము లేదు" అని మళ్లీ తెల్ల సీసా కొనుక్కుంటారు. రెండు రోజులు చూసి 30 మి.లీ.కి పెంచవచ్చు, ఆపైన డాక్టరు చెప్పినట్టు. రోజుకు ఒకటి రెండు మెత్తటి విరేచనాలు మన లక్ష్యం. మూడు దాటి నీళ్లలా అయితే మోతాదు తగ్గించాలి. మొదటి వారం కడుపుబ్బరం, గ్యాస్ ఉంటాయి, చాలామందిలో అవే తగ్గుతాయి.

లాక్టులోజ్ చాలకపోతే బిసాకోడిల్ 5 మి.గ్రా. మాత్ర, డల్కోలాక్స్ అని అందరికీ తెలిసిందే. రాత్రి ఒకటి, అవసరమైతే రెండు. ఆరు నుంచి పన్నెండు గంటల్లో పనిచేస్తుంది. ఈ మాత్రకు పైన పొర ఉంటుంది, పేగు దాకా వెళ్లాకే కరగాలి. నమిలినా, పొడి చేసినా, పాలతో గానీ గ్యాస్ మందుతో గానీ గంటలోపు వేసుకున్నా ఆ పొర కడుపులోనే కరిగి మెలిపెట్టే నొప్పి వస్తుంది. పాలతో మాత్ర వేసుకోవడం మన ఇళ్లలో అలవాటు గనుక ఇది తప్పక చెప్పాలి. అడుగున గట్టి మలం ఆగిపోయినప్పుడు 10 మి.గ్రా. బిసాకోడిల్ బత్తీ గానీ గ్లిజరిన్ బత్తీ గానీ మలద్వారంలో పెడితే గంటలోపు పని అవుతుంది. ఇవి కిడ్నీని బాధించవు. అయితే రోజూ బిసాకోడిల్ కావాల్సి వస్తోందంటే కారణం వేరే ఉందేమో డాక్టరు చూడాలి.

మలం మెత్తబరిచేదని అమ్మే డాక్యుసేట్ 100 మి.గ్రా. మాత్రతో కిడ్నీకి హాని లేదు, కానీ ఒంటరిగా దాని వల్ల ఒరిగేదీ పెద్దగా లేదు. దాన్ని లిక్విడ్ పారఫిన్‌తో కలిపి వాడకూడదు, పారఫిన్ ఒంటికి పట్టడం పెరుగుతుంది. పారఫిన్ కూడా మంచం మీద పడుకున్న ముసలివాళ్లకు, మింగడం కష్టమైనవాళ్లకు ఇవ్వకూడదు. నూనె గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది.

ఇసబ్గోల్ గురించి అందరూ "సహజమైనది, హాని లేదు" అంటారు. ఒక చెంచాకు నిండు గ్లాసు నీళ్లు, కనీసం 150 నుంచి 250 మి.లీ. పడాలి. డయాలసిస్ రోగికి రోజు మొత్తానికి ఇచ్చే నీళ్లు సాధారణంగా ఆ రోజు వచ్చే మూత్రం, దాని మీద ఓ 500 మి.లీ. 700 మి.లీ. మాత్రమే తాగాల్సిన మనిషి అందులో 200 ఇసబ్గోల్‌కే పెడితే మాత్రలకేం మిగులుతుంది, అన్నంలో చారుకేం మిగులుతుంది? నీళ్లు తగ్గించి తాగితే అది పేగులో ఆరిన పిండిముద్దలా గట్టిపడి దారి మూసేస్తుంది. నీళ్ల మీద ఆంక్ష లేని తొలి దశల రోగికి బాగానే పనిచేస్తుంది, మిగతా మాత్రలకు రెండు గంటలు ఎడం ఉంచాలి. పెగ్ పొడి కూడా మంచి మందే, 17 గ్రాములు 120 మి.లీ. పైన నీళ్లలో కలపాలి, ఆ నీళ్లూ లెక్కలోకి వస్తాయి. అందులో సోడియం, పొటాషియం లవణాలు కలిపిన రకాలూ ఉన్నాయి కనుక రోజువారీ వాడకానికి లవణాలు లేని రకం అడగాలి.

కె-బైండ్ తాగేవారికి ఒక ప్రత్యేక జాగ్రత్త. కాల్షియం పాలీస్టైరిన్ సల్ఫోనేట్ అనే ఈ 15 గ్రాముల పొడి పేగులో పొటాషియాన్ని పట్టుకుంటుంది. పేగు కదలకుండా ఇది తాగుతూ పోతే లోపల రాయిలా పేరుకోవచ్చు. సార్బిటాల్ పాకంతో కలిపితే పేగు గోడ కుళ్లిన ఉదంతాలు వైద్యంలో నమోదయ్యాయి. షుగర్ లేని పాకం మందుల్లో తీపి కోసం సార్బిటాల్ వేయడం మామూలే, కాబట్టి సీసా చదవాలి. మెగ్నీషియం మందుతో కలిస్తే రక్తం క్షారమయమయ్యే ప్రమాదం ఉంది. మిగతా మందులకూ దీనికీ మూడు గంటల ఎడం ఉండాలి. రెండు రోజులు విరేచనం లేకపోతే కె-బైండ్ కొనసాగించే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి.

నాటు మందుల సంగతి. ఆముదం తాగి ఒకేసారి కడుపు కడిగేసుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. ఒక్క రోజులో ఐదారు నీళ్ల విరేచనాలైతే ఒంట్లో నీళ్లు, బీపీ పడిపోయి, మిగిలిన కాస్త కిడ్నీ పనీ దెబ్బతింటుంది. జీడితోటల్లో ఎండలో పనిచేసి వచ్చినవాళ్లకు వేసవిలో ఇది మరీ ముప్పు. సునాముఖి ఆకులోని సెన్నా కిడ్నీకి హానికరం కాదు, కొలత తెలిసిన మాత్రగా డాక్టరు రాస్తే వాడొచ్చు. కానీ పొట్లాల చూర్ణాల్లో దాంతో పాటు నల్ల ఉప్పు, సర్జక్షారం కలుస్తాయి, అంటే సోడియం. భస్మాలు, రస మందులు (పాదరసం వంటి లోహాలతో చేసేవి) కలిసినవైతే అసలే వద్దు.

చైత్రంలో పణా సంక్రాంతికి గంజాం వైపు ఇంటింటా చేసే బెల పణా కడుపుకి చలువ అని పెద్దవాళ్లు పోస్తారు. మారేడు పండులో పొటాషియం ఎక్కువ, పణాలో నీళ్లూ ఎక్కువే. కొబ్బరి బొండం మన చేతికందే దూరంలో ఉంటుంది, 100 మి.లీ.కి దాదాపు 250 మి.గ్రా. పొటాషియం. ఒక్క బొండం తాగితే 600, 700 దాటొచ్చు. అరటిపండు ఒకటి సుమారు 400. పనసపండు కూడా ఆ కోవలోదే. ఒడియాలో కరమంగా అనే కామరాక్షి కాయను (స్టార్ ఫ్రూట్‌ను) మాత్రం కిడ్నీ రోగి ఒక్క ముక్క కూడా తినకూడదు. అందులోని విషపదార్థం కిడ్నీ పనిచేయనివారిలో మెదడుకు ఎక్కి, ఆగని వెక్కిళ్లు, మతి తప్పడం, ఫిట్స్ తెస్తుంది, ప్రాణాలూ పోయాయి.

పీచు కోసం తొక్కతో ఒక చిన్న యాపిల్, అనాసముక్క, జామముక్కకు బదులుగా బొప్పాయి చిన్న ముక్క, బీరకాయ, పొట్లకాయ, క్యాబేజీ మేలు. కూరగాయలు తొక్కతీసి, చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం చాలా తగ్గుతుంది. చోడి (రాగి) అంబలి మానేయక్కర్లేదు. పాతిక గ్రాముల చోడిపిండిలో పొటాషియం 100 మి.గ్రా. దగ్గరే ఉంటుంది. అంబలి అయినా, తరవాణి అయినా, పఖాళ (ఒడియా వాళ్ల చద్దన్నం) అయినా అందులోని నీళ్లను రోజు లెక్కలో వేసుకోవాలి, ఉప్పు వేయకూడదు. పొద్దున్న తిన్నాక పావుగంటకు పేగు సహజంగా కదులుతుంది. ఆ వేళలో దొడ్డికి కూర్చునే అలవాటు చేసుకోవడం ఖర్చు లేని వైద్యం. కమోడ్ వాడేవాళ్లు కాళ్ల కింద చిన్న పీట వేసుకోవాలి.

మంచం పట్టిన పెద్దవాళ్లలో ఒక పొరపాటు పదేపదే జరుగుతుంది. వారం నుంచి విరేచనం లేదు, హఠాత్తుగా బట్టల్లో పల్చగా కారుతోంది. విరేచనాలు పట్టుకున్నాయని ఆపే మాత్ర వేస్తారు. చాలాసార్లు అది లోపల అడ్డంపడ్డ గట్టి మలం చుట్టూ జారే నీరు. ఆపే మాత్రతో అడ్డు ఇంకా బిగుస్తుంది. వేలితో పరీక్ష చేసి చూసే నర్సో డాక్టరో కావాలి. అలాగే కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకుండా ఉంటే, మలంలో రక్తం ఉంటే ఏ విరేచనం మందూ ఇవ్వకుండా ఆస్పత్రికే తీసుకెళ్లాలి.

మందు ఎక్కువై నీళ్ల విరేచనాలు పట్టుకున్న రోజున విరేచనం మందు ఆపేసి డాక్టరుకు ఫోన్ చేయాలి. టెల్మిసార్టాన్ రకం బీపీ మాత్రలు, మూత్రం మాత్రలు, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ ఆ పూటకు ఆపాలా అని అడగాలి. కడుపు నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకోకూడదు. లీటరు ఓఆర్‌ఎస్‌లో సోడియం 75, పొటాషియం 20 మిల్లీమోల్స్ ఉంటాయి, డయాలసిస్ రోగి చెప్పకుండా లీటర్ల కొద్దీ తాగకూడదు.

సరిహద్దు ఊళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. చూపించుకునేది బరంపురంలో, మందు కొనేది ఇచ్ఛాపురంలో. లేదా చూపించుకునేది పలాసలో, కొనేది పర్లాకిమిడిలో. చీటీ ఇంగ్లీషులో, సీసా ఇంగ్లీషులో, వాడకం ఒడియాలో చెప్పడం, వినేది తెలుగు మనిషి. ఈ మధ్యలో కిడ్నీ మాట ఎక్కడో జారిపోతుంది. అందుకే మా విన్నపాలు మూడు. దుకాణం వారు విరేచనం మందు, గ్యాస్ మందు, ఎనీమా ఇచ్చే ముందు "కిడ్నీ ఇబ్బంది ఉందా, క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నారు?" అని ఒక్కమాట అడగాలి. రెండు నిమిషాలు పట్టదు. కిడ్నీ డాక్టర్లు రోగి పుస్తకం మొదటి పేజీ మీదనే "మెగ్నీషియం, ఫాస్ఫేట్, అల్యూమినియం ఉన్న మందులు వద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి, విరేచనానికి ఏది వాడాలో కూడా పక్కనే రాయాలి. వద్దన్నది మాత్రమే రాస్తే రోగి మళ్లీ దుకాణం గుమ్మానికే వెళ్తాడు.

మూడోది మీకు. మెగ్నీషియం, ఫాస్ఫేట్, అల్యూమినియం, సార్బిటాల్ అనే నాలుగు మాటలు సీసాల మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా కనిపిస్తాయో, పక్కన తెలుగులో చదువుతూ, ఒక చిన్న పెట్టెలో శ్రీకాకుళం, గంజాం ఎడిషన్లలో వేయండి. ఇంగ్లీషు రానివాళ్లు కూడా ఆ ముక్క కత్తిరించి మందుల డబ్బా మూతకు అంటించుకుని, సీసాతో పోల్చి చూసుకోగలరు.

ఇట్లు,
మందుల దుకాణాల్లో, డయాలసిస్ విభాగంలో పనిచేసే కొందరం,
బరంపురం, గంజాం జిల్లా.